హార్స్‌పవర్ సంగతి చివర్లో చూద్దాం

పాత స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లు మొదటి వారంలో ఏం ఆర్డర్ పెడతారో వాళ్ల గ్యారేజీలోకి తొంగి చూడకుండానే చెప్పొచ్చు. గట్టిగా శబ్దం చేసే సైలెన్సర్, కారును కిందికి దించే స్ప్రింగులు, ఫిల్టర్ డబ్బా పీకేసి దాని చోట పెట్టే కోన్ ఫిల్టర్, ఇంకాస్త ఉత్సాహం ఉంటే పెద్ద చక్రాలు. కారు వయసు పాతికేళ్లో ముప్పయ్యేళ్లో ఉంటుంది, కింద సస్పెన్షన్ కీళ్లలో కుదుపు మింగే రబ్బరు బుష్‌లన్నీ ఫ్యాక్టరీలో వేసినవే ఉంటాయి, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో అమ్మినవాడికి కూడా తెలీదు, అయినా పెట్టెలు విప్పి ముందు బిగించేది మాత్రం సైలెన్సరే. ఈ విషయం మీద నాకు చాలాకాలంగా గొడవ ఉంది, ఇక్కడ మొత్తం వెళ్లగక్కేస్తాను.

నేననేది ఒక్కటే. పాత కారును మార్చడానికి కూర్చున్నవాళ్లలో చాలామంది ఆ కారును అసలింకా నడపలేదు. తాళం వాళ్ల జేబులోనే ఉంది, రోజూ తిరుగుతూనే ఉన్నారు, కాదనను. కానీ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన కారులో ఇప్పుడు మిగిలిందెంతో వాళ్లకు తెలీదు. స్టీరింగ్ పట్టు లేకుండా అటూ ఇటూ పోతుంటే "పాత డిజైన్ కదా, అంతే" అంటారు. పికప్ తగ్గితే "ఈ ఇంజిన్‌లో దమ్ము లేదు" అంటారు. బ్రేక్ మెత్తగా ఉంటే "పెద్ద బ్రేకులు వెయ్యాలి" అంటారు. ఈ మూడింటికీ కారణం అరిగిపోయిన సామాను అయ్యుండొచ్చన్న అనుమానమే రాదు. ముందు కారును కొత్తలో ఎలా ఉండేదో ఆ స్థితికి తీసుకురండి, కొన్నాళ్లు అలాగే నడపండి, అప్పుడు దానికి నిజంగా ఏం తక్కువైందనిపిస్తుందో అది మార్చండి. పవర్ పెంచడం ఆ వరుసలో అన్నిటికన్నా ఆఖర్న రావాలి.

నా దగ్గరున్నది బీఎండబ్ల్యూ ఈ36 తరం 328ఐ. ఆ తరం 1990లో మొదలైంది, 328ఐ 1995లో వచ్చింది. 2.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 193 హార్స్‌పవర్, 280 న్యూటన్ మీటర్ల టార్క్, సుమారు 1,400 కిలోల బరువు. అదే తరంలో వేగం కోసం చేసిన ఎం3 కాదు, దాని అనుకరణ బ్యాడ్జీ కూడా పెట్టలేదు. ఇప్పటి లెక్కలో 193 పెద్ద సంఖ్యేమీ కాదు గానీ, ఈ కారు గొప్పతనం ఆ సంఖ్యలో లేదు. స్టీరింగ్‌కి, వెనక చక్రాలకి, కుడికాలికి మధ్య ఒక లయ ఉంటుంది, అందులో ఉంది. ఆ లయను కాపాడేది ఇనుము కన్నా ఎక్కువగా రబ్బరు, ఆ రబ్బరే ముందు చచ్చిపోతుంది.

ఈ కారులో వెనక చక్రాన్ని మోసే ట్రెయిలింగ్ ఆర్మ్ ముందు చివరన బాడీకి ఒక పెద్ద రబ్బరు బుష్‌తో బిగించి ఉంటుంది. వెనక చక్రం ఎటు చూస్తుందో, అంటే టో యాంగిల్, చాలావరకు ఆ బుష్ చేతిలోనే ఉంటుంది. అది చీలిపోయిందంటే యాక్సిలరేటర్ వదలగానే కారు వెనక భాగం ఓ పక్కకు జరిగినట్టు, మళ్లీ తొక్కగానే ఇంకో పక్కకు వచ్చినట్టు అనిపిస్తుంది. వెనక చక్రాలు మనల్ని అడక్కుండానే స్టీరింగ్ తిప్పుతాయన్నమాట. ఈ జబ్బుకి ఖరీదైన కాయిలోవర్లు, అంటే ఎత్తు సర్దుకునే స్ప్రింగు-షాక్ జతలు, వేసినవాళ్లున్నారు. గట్టి స్ప్రింగు వేస్తే చక్రం తక్కువ కదులుతుంది కాబట్టి జబ్బు కొంచెం దాగుతుంది, పోదు. అదే కారుకి కొత్త బుష్‌లు, వెనక షాక్ అబ్జార్బర్ పై మౌంట్లు, ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు, గేర్ బాక్స్ తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గరుండే రబ్బరు కప్లింగ్, ఇవన్నీ కంపెనీ ఇచ్చినట్టే తిరిగి వేసి, వీల్ అలైన్‌మెంట్ చేయించి ఒకసారి నడిపి చూస్తే, "ఇంతకాలం నేను నడిపిందేంటి?" అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వచ్చినప్పుడే మోడిఫికేషన్ గురించి ఆలోచించే అర్హత వస్తుందని నా అభిప్రాయం. అహంకారంగా అనిపిస్తే అననివ్వండి.

బుష్‌ల విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే కారు పని ఇంట్లోనే చేసుకునేవాళ్లు, కొన్నిసార్లు మెకానిక్కులు కూడా, దీన్ని పట్టించుకోరు. చాలా రబ్బరు బుష్‌లలో రబ్బరు లోపలి గొట్టానికి, బయటి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడు ఏదీ జారదు, రబ్బరే మెలిపడుతుంది. కారు స్టాండ్ల మీద ఉండి, చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు ఆ బోల్టు బిగించేశారనుకోండి, రబ్బరు ఆ వేలాడే స్థితినే తన స్థిమితమైన స్థితి అనుకుంటుంది. కారు నేల మీదికి దిగగానే మెలితిరిగిపోతుంది, ఇక రోజంతా ఆ మెలికతోనే బతుకుతుంది, ఏడాది తిరక్కుండానే చీలుతుంది. కాబట్టి బోల్టు వేలితో తిరిగేంత వదులుగా పెట్టి, సస్పెన్షన్ మీద కారు బరువు పడ్డాక, లేదా ఆర్మ్‌ని ఆ ఎత్తుకు జాకీతో లేపి, అప్పుడు టార్క్ రెంచితో బిగించాలి. కొన్ని బుష్‌లకి ఏ కోణంలో బిగించాలో సర్వీస్ మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. కొత్త బుష్ తొందరగా పోయిందని సామాను కంపెనీని తిట్టేముందు ఈ సంగతి గుర్తుచేసుకోవాలి.

ఇక్కడ అందరూ వేసే ప్రశ్న ఒకటుంది, అది తీసిపారేసేది కాదు. "ఎలాగూ విప్పుతున్నాం కదా, పాతదాని చోట మళ్లీ పాతరకమే ఎందుకు? అదే ఖర్చులో కాస్త గట్టిది వేసేస్తే పోలా? ఒకే పనికి రెండుసార్లు డబ్బెందుకు తగలెయ్యాలి?" దీనికి సగం ఒప్పుకుంటాను. బ్రేక్ ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు, రేడియేటర్ లాంటివి ఎలాగూ మార్చాల్సినప్పుడు, మంచి పేరున్న కాస్త మెరుగైన రకం వెయ్యడంలో తప్పేం లేదు. నేనూ వేశాను. ఒప్పుకోనిదెక్కడంటే, స్ప్రింగులు, షాక్‌లు, బుష్‌లు, కారు ఒరగకుండా పట్టే యాంటీ రోల్ బార్లు, చక్రాలు, అలైన్‌మెంట్ అన్నీ ఒకే వారాంతంలో మార్చేసే చోట. ఆ తర్వాత కారు ఎత్తుపల్లాల్లో ఎగిరిందంటే ఎవర్ని అడుగుతారు? స్ప్రింగునా, షాక్‌నా, సస్పెన్షన్ చివరంటా నొక్కుకున్నప్పుడు ఆపే బంప్ స్టాప్‌నా? పోల్చి చూడ్డానికి మీ దగ్గర పాత కొలమానమే లేదు. కారు పని ఇంట్లో చేసుకునేవాడికి ల్యాబ్ ఉండదు, టెస్ట్ ట్రాక్ ఉండదు, ఉన్నదల్లా నడుముకి, చేతులకి తెలిసే తేడా. అన్నీ కలిపి మార్చడమంటే ఆ ఒక్కటీ పోగొట్టుకోవడమే.

పాలీయురెథేన్ బుష్‌లనే చూడండి. రబ్బరు కన్నా గట్టివి, ఎక్కువకాలం మన్నుతాయి, రంగురంగుల్లో వస్తాయి. ఒకే దిశలో తిరిగే చోట బాగా పనిచేస్తాయి. కానీ అదే ట్రెయిలింగ్ ఆర్మ్ దగ్గర బుష్ తిరగడమే కాకుండా పక్కలకి వంగాలి కూడా, చక్రం కదిలే దారి అలాంటిది. అక్కడ మరీ గట్టి ముక్క పెడితే సస్పెన్షన్ పట్టేసినట్టవుతుంది, గ్రీజు ఆరిపోయాక కీచుమంటుంది. అక్కడ రబ్బరు వాడిన ఇంజినీరు పిసినారితనంతోనే వాడి ఉంటాడని ఎందుకనుకోవాలి?

కారును కిందికి దించడం గురించి ఇంతకన్నా ఎక్కువే మాట్లాడాలి, ఎందుకంటే దీన్ని సమర్థించేవాళ్లు ఎప్పుడూ ఫిజిక్స్‌నే సాక్ష్యానికి పిలుస్తారు. బరువు కేంద్రం కిందికి దిగితే కారు తక్కువ ఒరుగుతుంది, అంతేగా? అంత కాదు. ముందు స్ప్రింగు, షాక్ ఒకే నిలువు కడ్డీగా ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లున్న కార్లలో, అంటే ఈ36తో సహా ఆ కాలపు స్పోర్ట్స్ కార్లలో చాలావాటిలో, కారు మలుపులో ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు. అది లోయర్ ఆర్మ్ వాలు మీద ఆధారపడి ఉంటుంది. కారు కొంచెం దిగితే ఆర్మ్ లోపలి చివర కిందికి, చక్రం వైపు చివర పైకి అవుతుంది, దాంతో రోల్ సెంటర్ బరువు కేంద్రం కన్నా చాలా వేగంగా కిందికి పడిపోతుంది. ఈ రెండింటి మధ్య దూరమే కారును ఒరగదోసే మీట. దించాక ఆ మీట పొడవు పెరుగుతుంది! స్ప్రింగు అందుకు తగ్గట్టు గట్టిపడకపోతే, దించిన కారు దించని కారు కన్నా ఎక్కువ ఒరగడానికి చూస్తుంది. పైగా సస్పెన్షన్ కదలడానికి చోటు తగ్గింది కాబట్టి మలుపు మధ్యలో గుంట వస్తే బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది, ఆ క్షణంలో ఆ చక్రానికి స్ప్రింగు రేటు ఒక్కసారిగా ఎన్నో రెట్లయినట్టే, టైరు పట్టు వదిలేస్తుంది. స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ కోణం మారడం వల్ల గుంటల్లో స్టీరింగ్ తనంతట తాను లాగడం అదనం. ఇక వెనక చూస్తే, ఈ36ని దించితే చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది, టైర్ల లోపలి అంచు బయటికి కనబడకుండా నున్నగా అరిగిపోతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. దీన్ని సరిచేసే సామాను ఉంది, రోల్ సెంటర్ సరిచేసే బాల్ జాయింట్లు, వెనక సర్దుబాటు చేసుకునే ఆర్మ్‌లు, పొట్టి షాక్‌లు. అవన్నీ కలిపి లెక్కగా వేసేవాళ్లకి నేనేం చెప్పను, వాళ్లకి విషయం తెలుసు. స్ప్రింగులు మాత్రమే కొని, ఫొటోలో టైరుకి ఫెండర్‌కి మధ్య సందు తగ్గిందని మురిసిపోయేవాళ్లతోనే నా పేచీ. అందం కోసం దించాను అంటే సరే, అది నిజాయితీ ఉన్న జవాబు. హ్యాండ్లింగ్ కోసం అనకండి.

అసలు హ్యాండ్లింగ్‌కి అన్నిటికన్నా పెద్ద మందు టైర్లు. పాత కారుతో పాటు వచ్చిన టైర్ల మీద గీతలు నిండుగా ఉన్నాయని సంబరపడొద్దు. టైరు పక్కన డాట్ కోడ్ చివర నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2312 అని ఉంటే అది 2012లో 23వ వారం టైరు. ఎండకి వానకి గట్టిపడిపోయిన ఆ రబ్బరు మీద కూర్చుని మీరు సస్పెన్షన్‌కి మార్కులు వెయ్యలేరు.

బ్రేకుల్లోనూ ఇదే కథ. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్‌కి ప్రమాణం ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరక్కూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. ఘాట్ రోడ్డులో వరసగా బ్రేక్ తొక్కితే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నలుగుతుంది, పెడల్ నేలకి అంటుతుంది. ఇది బ్రేకు సైజు సమస్య కానే కాదు. పాత రబ్బరు హోస్‌ల సంగతి ఇంకా విచిత్రం. బయటికి బాగానే కనబడతాయి, లోపలి పొర ఉబ్బిపోయి ఉంటుంది, కాలితో తొక్కిన ఒత్తిడికి ఆయిల్ లోపలికి పోతుంది, వదిలాక వెనక్కి రాదు, ఆ చక్రం బ్రేకు పట్టుకునే ఉంటుంది. కారు ఒక పక్కకి లాగుతోందని అలైన్‌మెంట్ చేయించుకుంటూ తిరుగుతారు. కొత్త హోస్‌లు, కొత్త ఆయిల్, ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ల సీళ్లు, పిన్నులకి సరైన గ్రీజు, మంచి ప్యాడ్లు. రోడ్డు మీద నడిపే 193 హార్స్‌పవర్ కారుకి ఇంతకు మించి అక్కర్లేదు. పెద్ద క్యాలిపర్లు ఎప్పుడు అవసరమంటే వేడి నిజంగా ఎక్కువైనప్పుడు. కదిలే బండిలో శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 100లో వెళ్లేదాన్ని ఆపడం కన్నా 120లో వెళ్లేదాన్ని ఆపడానికి 44 శాతం ఎక్కువ శక్తిని వేడిగా మార్చాలి. పవర్ పెంచితే ప్రతి మలుపు ముందూ వేగం పెరుగుతుంది. అందుకే బ్రేకులు ముందు, పవర్ తర్వాత అంటున్నాను. ఇంకో సంగతి, ముందు మాత్రమే పెద్ద క్యాలిపర్లు వేస్తే ముందు వెనక బ్రేకుల మధ్య పంపకం మారిపోతుంది, వెనక డిస్కులు చెయ్యాల్సినంత పని చెయ్యవు, ఆగే దూరం తగ్గకపోగా పెరగొచ్చు కూడా.

కూలింగ్ గురించి ఈ36 వాళ్లకి చెప్పనక్కర్లేదు, కానీ చెప్తాను. రేడియేటర్ పక్క ట్యాంకులు ప్లాస్టిక్, థర్మోస్టాట్ హౌసింగ్ ప్లాస్టిక్, ఆ కాలపు చాలా వాటర్ పంపుల్లో లోపల తిరిగే ఫ్యాను కూడా ప్లాస్టిక్కే. ఏళ్లతరబడి వేడెక్కి చల్లారిన ప్లాస్టిక్ బిస్కట్‌లా పెళుసైపోతుంది, రేడియేటర్ మూతి దగ్గర హోస్ బిగిస్తుంటే చేతికే ఊడొస్తుంది. ఊడటం రోడ్డు మీద జరిగితే కూలెంట్ నిమిషాల్లో కారిపోతుంది, అల్యూమినియం సిలిండర్ హెడ్ వంగిపోతుంది. టెంపరేచర్ ముల్లు చూస్తూ ఉంటే సరిపోతుందిగా అంటారు. ఆ తరంలోనూ ఆ తర్వాతా చాలా కార్లలో ఆ ముల్లుని కావాలనే మధ్యలో నిలిచి ఉండేలా పెట్టారు, డ్రైవర్ కంగారు పడకూడదని. అది కదిలేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ ఆవిరిలో వేలాడుతూ ముల్లుని ఇంకా తప్పుదారి పట్టించొచ్చు. కాబట్టి ఈ సామానంతా పాతది ఎలా ఉన్నా సరే ఒకేసారి మార్చాలి. "పనిచేస్తోంది కదా" అన్న వాదన ఇక్కడ చెల్లదు. ఒకటొకటిగా మార్చాలన్న నా సిద్ధాంతానికి ఇది మినహాయింపే, ఎందుకంటే ఇక్కడ మనం కారు స్వభావాన్ని మార్చట్లేదు, ప్రమాదాన్ని తీసేస్తున్నాం. నింపాక గాలి పూర్తిగా తియ్యాలి, కారు ముక్కు భాగం కాస్త ఎత్తులో పెట్టి, హీటర్ పూర్తి వేడి మీద ఉంచి, బ్లీడ్ స్క్రూ నుంచి బుడగలు ఆగేదాకా. ఓపిక లేనివాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

తుప్పు గురించి పైన పటారం లోన లొటారం అనే సామెత చాలు. మెరిసే పెయింటు కింద పుట్టీ ఎంతుందో మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతం చెప్పేస్తుంది. డోర్ల కింది సిల్స్, జాకీ పెట్టే చోట్లు, చక్రాల పైన ఆర్చీలు, స్ట్రట్ టవర్లు, ఇవి ముందు చూడాలి. పైపైన గీకి తుప్పుని మార్చే ద్రావణం రాసి పెయింటు కొడితే సరిపోయే తుప్పు ఒకటుంటుంది, అది ఉపరితలం మీదిది. రేకుకి చిల్లు పడ్డాక మాత్రం మంచి లోహం తగిలేదాకా కోసెయ్యాల్సిందే, కొత్త రేకు వెల్డ్ చెయ్యాల్సిందే. ఫైబర్‌గ్లాసు అతికించి పెయింటు కొట్టిన సిల్ ప్రమాదంలో ఏం చేస్తుందో ఊహించుకోండి. ఈ36లో వెనక సస్పెన్షన్‌ని మోసే సబ్‌ఫ్రేమ్, ట్రెయిలింగ్ ఆర్మ్ బాడీకి పట్టుకునే చోట్ల రేకు పగుళ్లు వస్తుంటాయి, శుభ్రంగా తుడిచి లైటు వేసి చూడాలి. పవర్ పెంచినా, గట్టి బుష్‌లు వేసినా ఆ పగుళ్ల మీదే భారం పెరుగుతుంది. ముందు సైలెన్సర్ బిగించినవాళ్లలో ఎంతమంది ఆ చోటు చూసుంటారంటారు?

వెల్డింగ్ మాట వచ్చింది కాబట్టి చెప్పి తీరాలి: కొన్ని బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ ఉండే ద్రావకాలుంటాయి. దాంతో తుడిచిన రేకు మీద తడి ఉండగానే వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ వాయువు పుట్టొచ్చు, అది ప్రాణాంతకం. డబ్బా మీద రాసింది చదవండి, క్లోరిన్ లేనిదైనా సరే పూర్తిగా ఆరనివ్వండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టి, ఒకసారి గట్టిగా కుదిపి చూసి అప్పుడే. స్ట్రట్ స్ప్రింగు విప్పేటప్పుడు దాన్ని నొక్కిపట్టే కంప్రెసర్ నాసిరకంది వాడకండి. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్ జోలికి పోవాల్సొస్తే బ్యాటరీ తీసి మాన్యువల్ చెప్పినంతసేపు ఆగండి.

ఇక వైరింగ్. నా కారులో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది ఇంజిన్ కాదు, వెనకటి యజమానుల్లో ఎవరో పెట్టించిన అలారం. దాన్ని పీకేటప్పుడు స్టీరింగ్ కింద చూస్తే ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకులు, ఎక్కడికీ పోని తీగలు, అసలు వైరుని కోసి మధ్యలో మెలిపెట్టి దూర్చిన ముక్కలు. పాత కారు బుద్ధి పుట్టినప్పుడే స్టార్టయ్యే జబ్బుకి ఇలాంటి అతుకులే కారణమవుతుంటాయి. ఇంజిన్‌కి, బాడీకి మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టడం ఇంకో కారణం. మల్టీమీటర్ పట్టుకుని లోడ్ ఉన్నప్పుడు ఎర్త్ వైపు వోల్టేజ్ ఎంత పడిపోతోందో కొలవండి, 0.2 వోల్టులు దాటితే అనుమానించాలి. బల్బుకి అందే వోల్టేజ్ పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు ముప్పై శాతం పోతుంది, కాబట్టి "ఈ పాత హెడ్‌లైట్లు ఇంతే" అని ఎల్ఈడీలు కొనేముందు ఆ కొలత ఒకటి తీసుకోండి. 1990ల నాటి కొన్ని జపాన్ కార్లలో ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, లోపలి కెపాసిటర్లు కారి సర్క్యూట్ బోర్డునే తినేస్తాయి, మొదటి తరం మిత్సుబిషి ఎక్లిప్స్ వాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. ఆ ఈసీయూకి చిప్ వేసి ట్యూనింగ్ చేయిద్దామనుకునేవాళ్లు ముందు మూత విప్పి చూసుకోవడం మంచిది.

ఇంత చేశాక అప్పుడు పవర్. మొదట ఇంజిన్ ఆరోగ్యం తెలియాలి. ఇంజిన్ వేడిగా ఉండగా, స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ టెస్ట్ చెయ్యాలి, అంటే ఒక్కో సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో కొలవాలి. అంకె ఎంతొచ్చిందన్నదాని కన్నా ఆరు సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం. 328ఐలో మొదట్లో వచ్చిన ఎం52 ఇంజిన్లు చాలా దేశాల్లో నికాసిల్ పూత ఉన్న అల్యూమినియం బ్లాకుతో వచ్చాయి, గంధకం ఎక్కువున్న పెట్రోలు ఆ పూతని తినేసి కంప్రెషన్ పోగొట్టింది. అమెరికాకి వెళ్లినవి ఇనుప బ్లాకులు. మీ దగ్గరున్నది ఏ బ్లాకో తెలీకుండా, ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోసే టర్బో కిట్ ధర చూడటం వృథా.

ఈ కార్లకి బాగా ప్రచారంలో ఉన్న మార్పు ఒకటుంది, పాత ఎం50 ఇంజిన్‌లో సిలిండర్లకి గాలి పంచే ఇంటేక్ మానిఫోల్డ్ తెచ్చి ఎం52కి బిగించడం. దాని దారులు పెద్దవి, పై ఆర్‌పీఎమ్‌లో గాలి బాగా ఆడుతుంది, ఈసీయూ మ్యాప్ కూడా మారిస్తే పైన పవర్ నిజంగానే పెరుగుతుంది. కింది, మధ్య ఆర్‌పీఎమ్‌లో టార్క్ కొంత పోతుంది, ఎందుకంటే సన్న దారుల్లో గాలి వేగంగా కదిలి సిలిండర్ని బాగా నింపుతుంది, కంపెనీ దాన్ని కావాలనే సన్నగా చేసింది. ట్రాక్ మీద ఎప్పుడూ ఎరుపు గీత దగ్గరే తిప్పేవాడికి అది లాభం. సిగ్నళ్ల మధ్య, ఊరి రోడ్ల మీద నడిపేవాడికి రోజూ వాడుకునేది పోయి, ఎప్పుడో వాడుకునేది వచ్చినట్టు. మానిఫోల్డ్ మార్చాలా వద్దా అన్నది కారుని అడిగే ప్రశ్న కాదు, మీరు ఎక్కడ నడుపుతారో మిమ్మల్ని మీరు అడగాల్సింది. కోన్ ఫిల్టర్ మాత్రం రెండు రకాలవాళ్లకీ పెద్దగా పనికిరాదు, ఇంజిన్ పక్కన వేడి గాలి పీల్చుకుంటూ బాగా అరుస్తుంది, అంతే.

టర్బో ఉన్న పాత కార్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 1989లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్32లో కంపెనీ వేసిన టర్బోల టర్బైన్ చక్రాలు సిరామిక్‌వి. తేలిక కాబట్టి త్వరగా వేగం అందుకుంటాయి, కానీ బూస్ట్, అంటే టర్బో గాలిని తోసే ఒత్తిడి, బాగా పెంచితే విరిగిపోతాయి. రేసింగ్ కోసం చేసిన ఎన్1 వెర్షన్‌కి నిస్సానే ఉక్కు చక్రాలు వేసింది. అంటే ఆ హద్దు ఎక్కడుందో తయారుచేసినవాళ్లకే తెలుసు. ఒక్క స్క్రూ తిప్పితే బూస్ట్ పెరుగుతుందన్న సౌలభ్యమే ఇక్కడ ప్రమాదం. గాలి పెరిగితే ఇంధనం పెరగాలి, పూర్తి లోడ్‌లో గాలి ఇంధన నిష్పత్తి ఎంతుందో వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో చూడాలి, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగాలి, లేకపోతే ఇంధనం అదుపు తప్పి మండే నాకింగ్ వచ్చి పిస్టన్ అంచు విరుగుతుంది. పాతికేళ్ల ఫ్యూయల్ పంపు, మూసుకుపోయిన ఇంజెక్టర్లు ఉన్న కారు మీద ఈ పని చెయ్యడమంటే ఏం జరుగుతుందో తెలిసి చెయ్యడమే.

ఒరిజినాలిటీ భక్తులకీ నాకూ కూడా పడదు. వాళ్ల లెక్కలో ఒక్క బోల్టు మారినా కారు చెడిపోయినట్టే. నేను వెయ్యమన్న కంపెనీ రకం సామాను కారు విలువ పెరగడం కోసం కాదు, కారుని తెలుసుకోవడం కోసం. నా గీత వేరేచోట ఉంది: బోల్టు విప్పి బిగించే మార్పు ఏదైనా చెయ్యండి, పాత ముక్క పేరు రాసి అటక మీద పెట్టండి. కొయ్యడం, ఫెండర్లు చీల్చడం, డ్యాష్‌బోర్డుకి చిల్లులు పెట్టడం లాంటివి మాత్రం పదిసార్లు ఆలోచించండి. ఎందుకంటే కార్లు ఇక తయారు కావు గానీ, సామాను మళ్లీ వస్తోంది. నిస్సాన్ 2017లో ఆర్32 జీటీ-ఆర్ కోసం ఆపేసిన ముక్కల్ని మళ్లీ తయారుచెయ్యడం మొదలుపెట్టింది, మాజ్డా అదే ఏడాది మొదటి తరం ఎంఎక్స్-5కి జపాన్‌లో రిస్టోరేషన్ సర్వీసు ప్రకటించింది, టొయోటా తన పాత సుప్రాలకి జీఆర్ హెరిటేజ్ పేరుతో సామాను ఇస్తోంది. చీల్చిన ఫెండర్‌ని వెనక్కి తెచ్చే సర్వీసు మాత్రం ఏ కంపెనీ ఇవ్వదు.

అన్నీ ఇంట్లోనే చెయ్యాలన్న పట్టుదల కూడా నాకు లేదు. హెడ్ ప్లేన్ చేయించడం, సిలిండర్లు బోర్ చేయించడం, అలైన్‌మెంట్, పవర్ కొలిచే డైనో మీద ఈసీయూ మ్యాపింగ్, ఇవి యంత్రాలున్నవాళ్ల దగ్గరే అవ్వాలి. మిగతావి ఇంట్లో చెయ్యమనడానికి డబ్బు ఆదా ఒక కారణం కానే కాదు, పనిముట్లు కొనేసరికి ఆ ఆదా కాస్తా ఆవిరైపోతుంది. మీ చేత్తో విప్పితేనే ఏ బుష్ ఎంత చీలిందో, ఏ బోల్టు ఎవరు వంకరగా ఎక్కించారో మీకు తెలుస్తుంది, తర్వాత ఏం మార్చాలన్న నిర్ణయానికి ఆ సమాచారమే ఆధారం. బిల్లు కాగితం మీద అది రాదు.

టర్బో ఎప్పుడు వేస్తున్నావని నన్ను అడిగేవాళ్లున్నారు. ప్రస్తుతం నా జాబితాలో ముందున్నవి వెనక డిఫరెన్షియల్ బుష్, అరిగిపోయిన డ్రైవర్ సీటు ఫోము, చెమ్మ లోపలికి లాగుతున్న డిక్కీ సీలు. ఆ తర్వాత లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వెయ్యాలని ఉంది, ఎందుకంటే బిగువైన మలుపుల్లోంచి బయటికొచ్చేటప్పుడు లోపలి వెనక చక్రం ఊరికే తిరిగిపోతోంది, ఉన్న 193లోనే కొంత అక్కడ వృథా అవుతోంది. కారు కొత్తదనంలోకి వచ్చాకే అది నాకు కనబడింది, అంతకుముందు చీలిన బుష్‌ల గొడవలో ఏ చక్రం ఏం చేస్తోందో తెలిసేదే కాదు. టర్బో సంగతి అడిగేవాళ్లకి నా ఎదురు ప్రశ్న ఒకటే: మీ కారు కంప్రెషన్ అంకెలు ఆరూ చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.